ఆశ్రయమునకు అవధి యెక్కడ?

శరణు జొచ్చినవానిని విడువరాదనుట మన ఇతిహాస పురాణములన్నియు ఏకకంఠముగ చెప్పు ధర్మము. పావురమును కాచుటకై తన మాంసమును కోసియిచ్చిన శిబి చక్రవర్తి మొదలు సముద్రతీరమున విభీషణునకు అభయమొసగిన శ్రీరామచంద్రుని వరకు మనము చెప్పుకొను కథలలో అధికభాగము ఈ ధర్మము చుట్టునే తిరుగుచుండును. ఆ కథలు వినునపుడు మనము సాధారణముగ అడుగని ప్రశ్న యొకటి కలదు. విడువరాదు, సరియే. ఎంతకాలము విడువరాదు? ఒక రాత్రియా? ఒక సంవత్సరమా? లేక పదునెనిమిదేండ్లు నిండు దినము వరకా?

ఇది కాలక్షేపమునకు వేసిన ప్రశ్న గాదు. తల్లిదండ్రులు లేని బిడ్డలను, ఉండియు పోషింపలేని వారి బిడ్డలను, వీథిలో దొరికిన పసివారిని చేరదీయుటకు మన దేశమున ప్రభుత్వ గృహములును ధార్మిక సంస్థలును కలవు. హైదరాబాదు పాతబస్తీ వైపుననే సైదాబాదులో ప్రభుత్వ బాలుర గృహమున్నది. మూసీకి ఆవలి ఒడ్డున నాంపల్లిలో అనీసుల్ గుర్బా యను అనాథ శరణాలయము కలదు. ‘పేదల నెచ్చెలి’ అని ఆ పేరునకు అర్థము. ఇంతకంటె చక్కని పేరు పెట్టుట కష్టము. సరూర్‌నగరులో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను నాటి రాజభవనమును, 1901లో మరణించిన విక్టోరియా రాణి స్మారకముగ, అనాథ బాలుర నివాసముగ మార్చిరి. నేడు ఆ దారిన పోవు మెట్రోరైలు స్టేషనునకు కూడ విక్టోరియా మెమోరియల్ అనియే పేరు. దిగి యెక్కు వేలమందిలో ఎందరికి ఆ పేరు ఒక అనాథాశ్రమమును స్ఫురింపజేయునో చెప్పలేము.

ఇట్టి గృహములలో పెరుగు బాలునకు చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండిన దినమున బాల్యము తీరిపోవును. బాల్యముతో పాటు పడక, భోజనపు గంట, చొక్కాపై కుట్టిన అంకె, ‘మా ఆశ్రమము’ అని చెప్పుకొను హక్కు అన్నియు ఒక్కనాటనే తీరును. ఆ ఉదయమున వాని చేతిలో ఒక పెట్టె, కొన్ని ధ్రువపత్రములు ఉండును. ఎదుట పట్టణముండును.

పాఠక మహాశయులు తమ ఇండ్లలోని బిడ్డలను ఒకమారు తలచుకొందురు గాక. పదునెనిమిదేండ్ల మన కుమారుని మనము ఏమని పిలుతుము? ‘పసివాడు, లోకజ్ఞానము లేదు’ అందుము. వాడు పట్టభద్రుడై ఉద్యోగము సంపాదించు వరకు మన పళ్ళెములోనే తినును. ఉద్యోగము పోయినచో మరల మన యింటికే వచ్చును. రక్షించు తల్లి తండ్రి గల బిడ్డకు ఇరువదియైదేండ్ల గడువు, ఎవరును లేని బిడ్డకు పదునెనిమిది! ఎవనికి ఆధారము తక్కువయో వానికే గడువును తక్కువ చేసితిమి. ఇందులో దురుద్దేశ మెవ్వరికిని లేదు. చట్టమునకు ఒక రేఖ గీయక తప్పదు. కాని ధర్మము ఆ రేఖ వద్దనే ఆగిపోవునా యనునది వేరు ప్రశ్న.

పాతబస్తీ శాలిబండలోనో గౌలీపురాలోనో ఆ యువకుడొక గది అద్దెకు అడుగబోవుననుకొందము. ఇంటి యజమాని దుర్మార్గుడు కానక్కరలేదు. ‘ఎవరి అబ్బాయివి? మీదే ఊరు? నీకు పూచీ యెవరు?’ అని సహజముగనే అడుగును. ఈ మూడు ప్రశ్నలలో ఒక్కదానికిని ఆ పిల్లవాని వద్ద సమాధానము లేదు. పెండ్లికాని వారికి ఇల్లియ్యమని చెప్పు యజమానులు నగరమంతట కలరు. అడ్వాన్సు సొమ్ము ముందుగ చెల్లింపవలెను. ఆధారు కార్డుపై నున్న చిరునామా ఆశ్రమముది. అది నేటితో వానిది కాదు.

ఇంకను సూక్ష్మమైన లోపములు కలవు. రెండువందల మందికి గుండిగలలో వండు చోట పెరిగినవానికి ఒక్కనికి ఎంత బియ్యము పోయవలెనో తెలియదు. గంట కొట్టగ లేచినవానికి తనంతట తాను లేచుట అలవాటు లేదు. జ్వరము వచ్చినచో వార్డెనుకు చెప్పుటయే కాని ఏ ఆసుపత్రిలో ఏ చీటీ తీసికొనవలెనో ఎరుగడు. తాళపుచెవి యను వస్తువును వాడు తన జీవితమున ఎన్నడును తనదిగ చేత పట్టియుండడు. ఇది తెలివితక్కువ కాదు. సంస్థలో పెరుగుటకు సహజఫలము.

అట్టివానికి సులభముగ దొరకు చోటొకటి పాతబస్తీలో నున్నది. అది కార్ఖానా. లాడ్‌బజారు లక్క గాజులు లోకప్రసిద్ధములు. జరీపని, వెల్డింగు, హోటళ్ళు, చెప్పుల తయారీ వంటి పనులెన్నో ఆ సందులలో జరుగుచుండును. పని యిచ్చు ఉస్తాదు రాత్రివేళ అక్కడనే పండుకొనుమనును. చూచుటకు ఇది దయవలెనే యుండును; కొన్ని చోట్ల నిజముగ దయయే. కాని పడక పనితో ముడిపడినపుడు పని మానుటకు వీలులేదు. కూలి తగ్గించినను, దెబ్బ తగిలినను, ఎదురుచెప్పిన రాత్రి ఫుట్‌పాతుపై పండుకొనవలెను. ఆశ్రయమే సంకెల యగుట ఇట్లు. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీలోని గాజుల తయారీ గదులను శోధించి, బీహారు నుండి తెచ్చిన రెండువందల మందికి పైగా బాలురను విడిపించిరి. తలుపులు మూసిన గదులలో పని, అక్కడనే నిద్ర. ఆనాడు పదేండ్ల వయసున్న బాలుడు నేడు ఇరువదేండ్లు దాటిన యువకుడు. విడిపించుట ఒక దినపు కార్యము. నిలబెట్టుట ఎన్నో యేండ్ల కార్యము.

ఈ భేదము ఈ నగరమునకు క్రొత్త గాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణములు హరించినపుడు, అఫ్జల్‌గంజ్ వద్ద ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయేబదిమంది బ్రతికిరని చెప్పుదురు. ఆ చెట్టు నేటికిని నిలిచియున్నది. చెట్టు తన ధర్మము తాను నెరవేర్చినది. కాని నీరు తీసిన పిమ్మట చెట్టు దిగినవారికి ఇండ్లు లేవు. వరద వచ్చిన నాలుగేండ్లకు, 1912లో, నగరాభివృద్ధి మండలి యేర్పడి క్రమముగ వీథులు తీర్చి నివాసములు కట్టింపసాగినది. చెట్టు లేనిచో ప్రాణము లేదు. ఇల్లు లేనిచో బ్రతుకు లేదు. రెండును ఆశ్రయములే.

ఇక్కడ వివేకవంతులు చెప్పు ఆక్షేపణలు రెండు. వానిని తేలికగ త్రోసివేయరాదు.

మొదటిది పడకల లెక్క. పందొమ్మిదేండ్ల యువకుడు మంచము విడువకున్నచో, నిన్నరాత్రి మహాత్మాగాంధీ బస్‌స్టేషనులో ఒంటరిగ దొరికిన ఆరేండ్ల పసివాడు ఎక్కడ పండుకొనును? ఇది న్యాయమైన మాట. ధర్మము ఒకని పక్షమున మాత్రమే నిలువరాదు. పెద్దవాడు పిల్లల గృహమున ఉండిపోవుట వానికిని మేలు గాదు, పిల్లలకును మేలు గాదు. కాని దీని వలన తేలునది పెద్దవాడు పిల్లల గృహము విడువవలెననియే. వానికి ఏ గృహమును ఉండరాదని కాదు.

రెండవది కఠినమైనది. ఇచ్చుచునే యున్నచో వాడు ఎన్నటికి తనకాళ్ళపై నిలుచును? దానము తీసికొనువాని వెన్నెముకను వంచదా? ఈ శంకకు సమాధానము నాకు ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని వృత్తాంతమున గోచరించినది.

కథ అందరెరిగినదే. తండ్రి యెవరో తెలియని బాలుడు. తల్లి జబాల దాసిగ పలుచోట్ల పనిచేసిన స్త్రీ. నీ గోత్రమేదో నేనెరుగనని నిజము చెప్పినది. ఆ బాలుడు హారిద్రుమత గౌతముని వద్దకు పోయి అదే నిజమును దాపరికము లేక పలికెను. పాతబస్తీలో ఇంటి యజమాని అడిగిన ప్రశ్ననే గౌతముడును అడిగెను, నీ గోత్రమేమని. సమాధానము లేని ఆ బాలుని సత్యమునే గోత్రముగ స్వీకరించి గౌతముడు వానిని చేర్చుకొనెను. మన ఉపన్యాసములు సాధారణముగ ఇక్కడితో ఆగిపోవును. కాని తరువాత జరిగినది ఇంకను గమనింపదగినది.

గురువు ఆ బాలుని తన అరుగుపై కూర్చుండబెట్టి పోషింపలేదు. బక్కచిక్కిన నాలుగువందల ఆవులను వేరుచేసి, వీని వెంట పొమ్మనెను. సత్యకాముడు, ఇవి వేయి కానిదే మరలి రానని బయలుదేరెను. (మంచి పాడియావులనే ఇయ్యరాదా యని మా యింటి పిల్లలలో ఒకరు అడిగిరి. మంచి ప్రశ్నయే. బహుశః గురువునకు ఉన్నవి అవియేనేమో!) గురువు యిచ్చినది స్వల్పమే, బలహీనమే, కాని అది ప్రాణమున్నది, పెరుగునది. ఆయన గడువు సంవత్సరములలో పెట్టలేదు. ఆవులు వేయి యగుట అవధి. బాలుని వయస్సు గాక వాని స్థితియే కొలత. వేయి గోవులతో వచ్చునపుడు గురుకులపు ద్వారము మూసియుండలేదు. దారిలో వృషభమును, అగ్నియు, హంసయు, నీటిపక్షియు బ్రహ్మమును బోధించిన తరువాత కూడ సత్యకాముడు గురుముఖమున వినగోరెను, గురువు చెప్పెను. పంపుట, విడుచుట ఒకటి కావని ఈ కథ వలన తెలియుచున్నది.

శ్రీవైష్ణవ సంప్రదాయమును ఎరిగినవారికి మరియొక సందేహము కలుగవచ్చును. జీవునకు స్వరూపము పారతంత్ర్యము. స్వాతంత్ర్యాభిమానమే బంధమునకు మూలమని ఆచార్యులు బోధించిరి. అట్లుండగ అనాథ యువకునకు స్వతంత్ర జీవనము నేర్పుట ఏమి యని. ఇందు మాట ఒక్కటే గాని అర్థములు రెండు. జీవుడు పరమాత్మకు పరతంత్రుడు. ఉస్తాదునకు గాదు, వడ్డీవ్యాపారికి గాదు, మోసగించు దళారికి గాదు. సర్వేశ్వరునకు మాత్రమే శేషభూతుడు కావలసినవానిని ఒక పడకకై మానవునకు దాసుని చేయుట శేషత్వమునకే భంగకరము. కావున వాని చేతికి తాళపుచెవి యిచ్చుట వలన అహంకారమును పెంచినవారము కాము.

మర్కటకిశోర న్యాయము, మార్జాలకిశోర న్యాయము అను రెండు ఉపమానములపై మన పెద్దలు ఎన్నో తరములుగ వాదించుకొనిరి. కోతిపిల్ల తల్లిని తాను పట్టుకొనును. పిల్లి తన కూనను తానే నోట కరచుకొని పోవును. జీవుని ప్రయత్నమెంత, భగవంతుని కృప యెంత యనునది అక్కడి వివాదము. అందులో ఏ పక్షము సరియో తేల్చుటకు నాకు అర్హత లేదు, ఈ వ్యాసమునకు ఆ అవసరమును లేదు. గమనింపవలసినదేమన, రెండు పక్షముల తల్లులును ఒక విషయమున ఏకీభవించినవి. కొమ్మకు కొమ్మకు నడుమ పిల్లను జారవిడుచు కోతి ఏ ఉపమానమునను లేదు. కూనకు కన్నులు తెరువకమునుపే దినములు లెక్కించి విడుచు పిల్లియు లేదు.

ఇక విభీషణ శరణాగతి. సుగ్రీవుడు శంకించెను, శత్రుపక్షము నుండి వచ్చినవాడు, నమ్మదగడనెను. ‘హాస్టలు పిల్లలు, ఎట్టివారో’ అని నేడు మనమనుట అట్టిదే. శ్రీరాముడు అభయమొసగెను, అంతటితో ఊరకుండలేదు. లంకను ఇంకను జయింపలేదు, వారధి యింకను కట్టలేదు. అట్లయ్యును సముద్రజలము తెప్పించి లక్ష్మణునిచే అక్కడనే అభిషేకము చేయించెను. ‘నీకొక స్థానము కలదు’ అని ముందుగ చెప్పి, ఆ స్థానమునకు చేర్చువరకు వెంట నుండెను. యుద్ధానంతరము లంకలో మరల పట్టాభిషేకము జరిపించిన తరువాతనే అయోధ్యకు పయనమాయెను. విభీషణుని తన శిబిరమున నిత్యాతిథిగ ఉంచుకొనలేదు. తన సొంతచోట నిలిపెను. కుచేలుని విషయమునను అంతియే. శ్రీకృష్ణుడు ద్వారకలో గది యియ్యలేదు, కుచేలుని ఊరిలోనే ఇల్లు నిలిపెను.

ఈ విషయమున మన చట్టము సైతము ధర్మమునకు దూరముగ లేదని చెప్పుటకు సంతోషము కలుగుచున్నది. 2016 జనవరి నుండి అమలైన బాలల న్యాయచట్టము, పదునెనిమిదేండ్లు నిండి సంస్థ విడుచువారికి ఇరువదియొకటవ యేట వరకు ‘అనంతర సంరక్షణ’ కలిగింపవచ్చునని చెప్పినది. ప్రత్యేక పరిస్థితులలో మరి రెండేండ్లు పొడిగింపవచ్చునని 2016 నాటి ఆదర్శ నియమములు తెలిపినవి. ఆరుగురు మొదలు ఎనమండుగురు కలసి తాత్కాలికముగ ఒక ఇంట నివసించుట, వృత్తిశిక్షణ కాలమున భృతి, ఉద్యోగము దొరకువరకు సహాయము, మంచిచెడ్డలు చెప్పు సలహాదారు ఇవన్నియు ఆ నియమములలోనే కలవు. మిషన్ వాత్సల్య పథకమున 2022 నాటి మార్గదర్శకములు ఇందుకై నెలకు 4,000 రూపాయలు నిర్ణయించినవి. ఆ సొమ్ముతో నగరమున అద్దె కట్టి, తిని, బస్సెక్కి, చదువుకొనుట ఎట్లో గృహస్థులైన పాఠకులు లెక్కవేసికొనగలరు. అయినను అవి బక్కయావులే కదా, గౌతముడిచ్చినట్టివి. మేపువారు కావలెను. ఇంగ్లాండులో కూడ సంరక్షణ విడుచు యువతకై 2000లో ప్రత్యేక చట్టము చేయవలసివచ్చినది; కావున ఈ లోపము మన యొక్కరిదే కాదు.

మన రాష్ట్రమున మెచ్చదగిన విశేషమొకటి కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వెనుకబడిన తరగతుల ‘ఎ’ వర్గపు జాబితాలో, పదేండ్ల లోపున తల్లిదండ్రులను కోల్పోయి, ఆదరించువారు లేక, గుర్తింపు పొందిన ఆశ్రమములలో పెరిగిన అనాథలను కూడ చేర్చిరి. కులము తెలియనివానికి అనాథత్వమునే కులముగ గుర్తించిరన్నమాట. సత్యకాముని గోత్రము వంటిదే ఇది! కాని ఆ పత్రము తెచ్చుకొనుటకు కార్యాలయముల చుట్టు వెంట తిరుగు పెద్ద యొకరు కావలెను.

ఆరుగురు ఎనమండుగురు ఉండు ఇల్లు అనగ నేమి? ఆశ్రమము గాదు, సొంత ఇల్లును గాదు; నడిమి మెట్టు. అక్కడ వంటమనిషి యుండడు. వంతులు వేసికొని వండుకొనవలెను. మొదటినెల అన్నము మాడును, పప్పు ఉడుకదు. ఎవని చేత వాని తాళపుచెవి యుండును. సంపాదనలో కొంత అద్దెగ తీసికొని, దానిని బ్యాంకులో వాని పేరనే దాచి, వెళ్ళునాడు అడ్వాన్సు కట్టుకొనుమని తిరిగియిచ్చుట ఒక మంచి పద్ధతి. తగవులు వచ్చును, తీర్చుకొనుట నేర్తురు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి శాంతా సిన్హా గారి ఆధ్వర్యమున మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను వారు పని మానిన బాలలను నేరుగ బడికి పంపక, నడుమ వారధివంటి శిబిరములలో నుంచి తీర్చిదిద్దిన విధానము లోకమున పేరుగాంచినది. పొలము నుండి బడికి వారధి కావలసినపుడు, ఆశ్రమము నుండి నగరమునకు మాత్రము అక్కరలేదా?

బాలుర మాట యిట్లుండగ బాలికల స్థితి మరింత శ్రద్ధతో ఆలోచింపదగినది. మన తెలుగునాట ఆడపిల్లకు ‘పుట్టిల్లు’ అను మాటలో ఎంత బలమున్నదో చెప్పనలవి గాదు. పెండ్లియైన పిమ్మట సంక్రాంతికి పుట్టింటికి వచ్చును, తొలి పురుడు పుట్టింట పోసికొనును, అత్తవారింట మాట పడినచో పుట్టింటి వారు పోయి అడుగుదురు. అడుగువారు కలరని తెలిసినచో మాట పడు అవసరమే చాలసార్లు రాదు. ఆశ్రమమున పెరిగిన పిల్లకు ఈ చివరి రక్షణయే లేదు. స్వతంత్ర జీవనమనగ ఎవరును అక్కరలేకుండుట యని కొందరనుకొందురు. మన పుట్టింటి సంప్రదాయము దానికి విరుద్ధమైన సత్యమును చెప్పుచున్నది. తిరిగివచ్చుటకు చోటున్నవారే ధైర్యముగ ముందునకు నడువగలరు. తులసివనమున దొరికిన శిశువును విష్ణుచిత్తులు పెంచి పెద్దచేసి ఊరకుండలేదు. శ్రీరంగము వరకు తామే వెంట నడచి గోదాదేవిని రంగనాథున కొప్పగించిరి. ధనుర్మాసమున ఇంటింట ఆ తల్లిని కొలుచు మనకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

మన సత్రములు గొప్పవి. కాని సత్రము యాత్రికునకై కట్టినది. రెండు మూడు దినములకు మించి ఉండనీయరు. అది సబబే, యాత్రికునకు తిరిగిపోవుటకు ఊరున్నది. ఊరు లేని యాత్రికునకు సత్రపు నియమము సరిపడదు. 2010లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశములతో నగరములలో లక్ష జనాభాకొకటి చొప్పున రాత్రి ఆశ్రయములు తెరువవలసివచ్చినది. హైదరాబాదునందును అట్టివి వెలసినవి. వర్షపు రాత్రికి అవి దైవసమానములు. కాని ఉదయము లేచి పుస్తకములు ఎక్కడ దాచుకొనవలెను?

మన కుటుంబములలో బిడ్డ పుట్టినదినమున అనాథాశ్రమమునకు పోయి భోజనము పెట్టుట మంచి ఆచారముగ వ్యాపించినది. చిన్నపిల్లలకు మిఠాయి పంచునపుడు కలుగు ఆనందము వేరు. మీసములు మొలిచినవానికి పంచునపుడు ఆ ఆనందము కలుగదు, ఛాయాచిత్రమును తీయించుకొనము. కరుణ ముద్దుగనున్నవారి వైపునకు మొగ్గుట మానవ సహజమే. కాని ఆ ఆశ్రమపు వార్డెనును మరియొక మాట కూడ అడుగవచ్చును: ఈ సంవత్సరము పదునెనిమిదేండ్లు నిండువారెందరు, వారెక్కడకు పోవుదురు అని. అడిగిన పిమ్మట చేయదగినవి చిన్నచిన్న పనులే. ఇంటివెనుక గది ఖాళీగనున్నవారు ఇద్దరికి అద్దెకీయవచ్చును, దానముగ గాదు, సరియైన అద్దెకే. దుకాణమున్నవారు కూలితో పడకను ముడిపెట్టక పని నేర్పవచ్చును. విశ్రాంత ఉద్యోగులు ధ్రువపత్రములకై వెంట తిరుగవచ్చును. వీనిలో దేనికిని వీలులేనివారు ఇంటి యజమాని అడిగిన మూడవ ప్రశ్నకు సమాధానము కాగలరు. అద్దె కాగితముపై పూచీదారు అని వ్రాసియున్న చోట పేరు, చిరునామా, సంతకము, టెలిఫోను అంకె. అంతియే అక్కడ వ్రాయవలసినది.